శిశువుల శ్వాసకోశ బాక్టీరియా వ్యాధులు

ముక్కుపుటములు మొదలు ఊపిరితిత్తులలోని గాలితిత్తుల వఱకు గల శ్వాసమార్గమున ఎక్కడనైనను బాక్టీరియాలు నెలకొని పిల్లలకు కలిగించు వ్యాధులను ఒక్కచోట చేర్చి వివరించుట ఈ వ్యాసమునకు విషయము. వీనిలో న్యుమోనియా, కంఠసర్పి, కోరింతదగ్గు, క్షయ అను నాలుగును ప్రాణాపాయకరములు. గొంతువాపు, చెవిలో చీము అనునవి స్వల్పవ్యాధులుగా కానవచ్చినను, ఉపేక్షించినచో మొదటిది గుండెను, రెండవది వినికిడిని చెఱుపగలవు. పిల్లలకు తఱచుగా వచ్చు జలుబు, పడిసెములు చాలవఱకు వైరసుల వలన పుట్టునవే యైనను, అవి శ్వాసమార్గపు లోపొరను దెబ్బతీసి బాక్టీరియాలకు త్రోవ యిచ్చుచున్నవి గనుక ఆ మేరకు వానిని గూర్చియు చెప్పవలసియున్నది. ప్రపంచ ఆరోగ్యసంస్థ లెక్కను బట్టి 2019లో ఐదేండ్లలోపు పిల్లలు దాదాపు 7,40,000 మంది న్యుమోనియా చేతనే మరణించిరి. ఆ వయసున లోకమున సంభవించిన మరణములలో ఇది 14 శాతము.

ఈ వ్యాధుల చరిత్రలో తాడేపల్లికి ఇటీవల ఒక స్థానము కలిగినది. కృష్ణానది దక్షిణపుటొడ్డున, ప్రకాశం బ్యారేజికి చేరువనున్న ఈ ఊరినుండి, 2021 ఆగస్టులో, నాటి ముఖ్యమంత్రి వై.ఎస్. జగన్మోహన రెడ్డి తన క్యాంపు కార్యాలయమున న్యుమోకాకస్ టీకాను రాష్ట్రమునందలి శిశువులకు ఉచితముగా ఇచ్చు కార్యక్రమమును ప్రారంభించెను. అంతకు ముందు నాలుగేండ్ల క్రిందట, అనగా 2017లో, హిమాచల ప్రదేశ్, బీహారు, ఉత్తర ప్రదేశ్ రాష్ట్రములలో మొదలైన ఈ టీకా 2021లోనే దేశమంతటికి వ్యాపించెను. అప్పటి వఱకు ఇది ప్రైవేటు వైద్యుల యొద్ద వేలకొలది రూపాయలు చెల్లించి కొనగల వారి బిడ్డలకే దక్కుచుండెడిది. కూలివాని బిడ్డకును, కలవాని బిడ్డకును ఒకే టీకా ఒకే బల్లపై లభించుట సామాన్యమైన మార్పు కాదు.

గుంటూరు, ప్రకాశం మండలముల నల్లరేగడి మైదానమున ఈ వ్యాధులకు ఋతువుతో పాటు వ్యవసాయపు పనులతోను సంబంధము కలదు. ధనుర్మాసపు మంచు కురియు దినములలో పత్తితీతలు ముగింపునకు వచ్చి, మిరపకోతలు ఆరంభమగును. ఊపిరితిత్తుల జబ్బులు హెచ్చుగా కనిపించు చలికాలమును, తల్లులు తెల్లవారుజామున చేలకు తరలు కాలమును ఒక్కటే. కర్నూలు జిల్లా పడమటి మండలములైన ఆదోని, కోసిగి, మంత్రాలయము ప్రాంతములనుండి కుటుంబములకు కుటుంబములే పిల్లలతో సహా వలస వచ్చి, చేల గట్లపై గుడిసెలు వేసికొని, నెలల తరబడి మిరపకాయలు కోయుచుందురు. చంటిబిడ్డ చెట్టుకొమ్మకు కట్టిన చీరయుయ్యాలలో ఉండును. వానిని కనిపెట్టుకొని యుండునది ఆఱేడేండ్ల అక్క. బిడ్డ ఊపిరి తీయు తీరు మారినదని ఆ పిల్లకు తెలియుట కష్టము. సాయంకాలము తల్లి వచ్చి వంటకు పత్తికట్టెయు, మిరపకట్టెయు ఎగద్రోసి పొయ్యి రాజేయగా, ఆ యిరుకు గుడిసెలో క్రమ్ముకొను పొగ శిశువు ఊపిరితిత్తులలో మలినములను ఊడ్చివైచు సూక్ష్మరోమముల చలనమును మందగింపజేయును. వంటచెఱకు పొగ న్యుమోనియాను పెంచు కారణములలో ముఖ్యమైనదని వైద్యశాస్త్రము నిశ్చయించినది. తల్లిపాలు చాలకుండుట, తక్కువ బరువుతో పుట్టుట, పోషకాహార లోపము, తట్టు సోకియుండుట, ఇరుకిండ్లు అనునవి తక్కినవి. కల్లములలో ఎండబోసిన మిరప ఘాటు బాక్టీరియాను పుట్టింపదు. కాని దగ్గునంతటిని ఆ ఘాటు మీదికి నెట్టి రెండు దినములు ఊరకుండుట మాత్రము బిడ్డకు చేటు.

న్యుమోనియాను మన పల్లెలలో నెమ్ము అందురు. శిశువులలో దీనికి కారణమగు బాక్టీరియాలలో న్యుమోకాకస్ అగ్రగణ్యము. దీనిని 1881లో ఫ్రాన్సున లూయీ పాశ్చరును, అమెరికాలో సైనికవైద్యుడు జార్జి స్టెర్న్‌బర్గును ఒకరి సంగతి ఒకరికి తెలియకయే ప్రకటించిరి. పాశ్చరునకు ఇది పిచ్చికుక్క కాటుచే మరణించిన యొక బాలుని లాలాజలమున లభించినది. స్టెర్న్‌బర్గునకు లభించినదో, ఆరోగ్యవంతుడైన తన లాలాజలముననే. ఈ చిన్న సంగతిలో వ్యాధితత్త్వమంతయు ఇమిడియున్నది. న్యుమోకాకస్ బయటినుండి దండెత్తివచ్చు శత్రువు కాదు. అనేక శిశువుల ముక్కు వెనుకభాగమున ఏ బాధయు కలిగింపక నివసించునదియే. జలుబుచేతనో, పొగచేతనో, నీరసముచేతనో రక్షణ సడలినప్పుడు అది క్రిందికి దిగి గాలితిత్తులను చేరును. అచట రక్తనాళములనుండి ద్రవమును, తెల్లకణములును ఊరి గాలి నిండవలసిన తిత్తులు చీముతో నిండగా, ప్రాణవాయువు రక్తమునకు అందుట తగ్గిపోవును. ఈ బాక్టీరియా చుట్టునుగల చక్కెరజాతి తొడుగు దానిని తెల్లకణములకు చిక్కకుండ కాపాడుచున్నది; ఆ తొడుగు భేదమును బట్టి నూఱునకు మించిన రకములు గుర్తింపబడినవి. టీకాలో చేర్చునది ఈ తొడుగులలో ముఖ్యమైన కొన్నింటినే.

హిమోఫిలస్ ఇన్‌ఫ్లుయెంజే బి అనునది రెండవది. 1892లో రిచర్డు ఫైఫర్ దీనినే ఇన్‌ఫ్లుయెంజాకు మూలమని తలచెను. 1933లో వైరసు బయటపడినను ఆ పొరపాటు పేరులో నిలిచియే యున్నది. ఇది న్యుమోనియాతో పాటు మెదడుపొరల వాపును గూడ కలిగించును. తట్టు తగిలి కోలుకొనుచున్న బిడ్డలకు స్టాఫిలోకాకస్ వలన కలుగు న్యుమోనియా అతి తీవ్రమైనది. ఊపిరితిత్తి చుట్టును చీముచేరి గొట్టము వేసి తీయవలసి వచ్చును. బడికి పోవు పిల్లలలో మైకోప్లాస్మా వలన వచ్చునది ఇంతకంటె సౌమ్యమైనది.

నెమ్మును గుర్తించుటకు ఎక్స్‌రే యంత్రమును, స్టెతస్కోపును లేకున్నను సాగును. ఫ్రాంక్ షాన్ అను వైద్యుడు పాపువా న్యూగినీలో పనిచేయుచు, బిడ్డ నిమిషమునకు ఎన్ని పర్యాయములు ఊపిరి తీయుచున్నదో లెక్కించుటయు, డొక్క లోనికి పోవుచున్నదేమో చూచుటయు రోగనిర్ణయమునకు చాలునని చూపగా, ప్రపంచ ఆరోగ్యసంస్థ దానిని స్వీకరించినది. లెక్కించు విధము ఇది: బిడ్డ ఏడ్వకుండ, పాలు త్రాగకుండ, తల్లి ఒడిలో నెమ్మదిగా ఉన్నప్పుడు చొక్కా పైకెత్తి, పొట్టయు ఱొమ్మును లేచి పడుటను గడియారపు సెకనుల ముల్లు చూచుచు నిండు నిమిషము లెక్కింపవలెను, అరనిమిషము లెక్కించి రెట్టింపు చేయరాదు, పసిబిడ్డల ఊపిరి సమముగా సాగదు గనుక. రెండు నెలలలోపు బిడ్డకు 60, రెండు నెలలు మొదలు ఏడాది లోపు 50, ఏడాది మొదలు ఐదేండ్ల లోపు 40, ఈ సంఖ్యను అందుకొన్నను, మించినను అది వేగశ్వాస. ఊపిరి లోనికి తీసినప్పుడు ఱొమ్ము క్రిందిభాగము లోనికి పీల్చుకొనిపోవుచున్నచో, మన తల్లులు “డొక్కలెగరేయుచున్నాడు” అని చెప్పునది అదియే, వ్యాధి ముదిరినట్లు. పాలు పట్టకుండుట, త్రాగినదెల్ల కక్కివేయుట, మూర్ఛ, మగత, పెదవులు నీలివర్ణము దాల్చుట కనబడినచో గడియైనను జాగు చేయక ఆసుపత్రికి చేర్చవలెను. రెండు నెలలలోపు బిడ్డకు వేగశ్వాస ఒక్కటి చాలు, ఆసుపత్రికి తీసికొనిపోవుటకు. ఆ వయసున జ్వరమునకు మాఱు ఒడలు చల్లబడుటయు గలదు.

ఈ పరీక్షను పల్లెటూరి స్త్రీలు నేర్చి ప్రాణములు కాపాడగలరని తెలంగాణమునకు ఎల్లనున్న గడ్చిరోలి జిల్లాలో డాక్టర్ అభయ్ బంగ్ ప్రభృతులు చూపి, 1990లో ప్రకటించిరి. నేడు ఆశా కార్యకర్తలకు ఇచ్చు శిక్షణకు ఇదియు ఒక ఆధారము. 2019లో కేంద్రప్రభుత్వము మొదలిడిన ‘సాన్స్’ ఉద్యమము, సజీవ జననములు 1,000కి న్యుమోనియా మరణములు 3కు లోపుగా తగ్గవలెనని లక్ష్యము పెట్టుకొన్నది.

ఇచట మన యిండ్లలోని కొన్ని అలవాట్లను గూర్చి స్పష్టముగా చెప్పక తప్పదు. తలంటిన పిమ్మట ముక్కులో ఆముదమో, కొబ్బరినూనెయో చుక్కలు పోయుట వలన నూనె ఊపిరితిత్తులకు జాఱి వేఱొక విధమైన న్యుమోనియాను తెచ్చును. ఆంధ్రదేశమున కొన్ని తావుల డొక్కలెగురు పసికందు పొట్టపై వాతలు పెట్టు ఆచారము ఇంకను అంతరింపలేదు. దానివలన మేలు ఏమియు లేకపోగా, అసలు చికిత్స జరుగవలసిన గంటలు పుండు చూచుకొనుటలో గడచిపోవును. దిష్టి తీసినందున బిడ్డకు హాని లేదు, తీసిన పిమ్మట డాక్టరు వద్దకు పోయినచో.

చికిత్స చౌక. వేగశ్వాస మాత్రమే కలిగి, ఇతర ప్రమాద చిహ్నములు లేని బిడ్డకు అమాక్సిసిలిన్ మాత్రను చెంచాడు నీటిలోనో, తల్లిపాలలోనో కరగించి, బరువునకు తగిన మోతాదున రోజునకు రెండు మాఱులు, సామాన్యముగా ఐదు దినములు ఇత్తురు. రెండు దినములలో తగ్గుదల కనబడకున్న మరల చూపవలెను. తీవ్రమైనదానికి ఆసుపత్రిలో ఇంజక్షన్లును, ప్రాణవాయువును అవసరము. వ్రేలికి తగిలించు పల్స్ ఆక్సీమీటరు 90 కంటె తక్కువ చూపినచో ప్రాణవాయువు ఇయ్యవలసినదే. రెండవనాటికి ఊపిరి నెమ్మదించినదని మూడవనాడు మందు మానివేయుట సాధారణముగా జరుగుచున్న పొరపాటు.

ఈ మందుల చరిత్రలో ఆంధ్రులు గర్వింపదగిన పేరు ఒకటి కలదు. 1938 ప్రాంతమున వెలువడిన ఎం అండ్ బి 693 అను సల్ఫా మాత్రలును, యుద్ధకాలమున పెనిసిలినును న్యుమోనియా భయమును సగము తీర్చినవి. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లీ సంస్థ పరిశోధనకు అధిపతిగా నుండగా, ఆ ప్రయోగశాలలో బెంజమిన్ డగ్గర్ కనుగొనిన ఆరియోమైసిన్ 1948లో లోకమునకు వెల్లడియైనది. ఆ సంవత్సరముననే సుబ్బారావు పరమపదించెను. పెనిసిలినుకు లొంగని అనేక సూక్ష్మజీవులను అణచిన తొలి విస్తృతశక్తి ఔషధములలో అది యొకటి. ఆ తరగతి మందులు ఎదుగు దంతములకు పసుపురంగు పట్టించునని తరువాత తేలుటచే ఎనిమిదేండ్లలోపు పిల్లలకు సాధారణముగా ఈయరు. ఇప్పటి చిక్కు మందులు లేకపోవుట కాదు, మందులు మితిమీరుట. జలుబుతో వచ్చిన ప్రతి పిల్లవానికి శిక్షణ చాలని వైద్యులు ఇంజక్షన్ పొడిచి పంపుటయు, తల్లిదండ్రులు దానినే కోరి అడుగుటయు మన మైదానములో వాడుకయైనది. ఇట్లు ముక్కులో కాపురముండు న్యుమోకాకస్ మందులకు అలవడి, నిజముగా నెమ్ము వచ్చిననాడు లొంగకపోవుచున్నది.

కంఠసర్పి, అనగా డిఫ్తీరియా, మఱొక తీరున చంపును. దీని బాక్టీరియా గొంతును దాటి లోనికి పోదు. అక్కడనే కూర్చుండి విషమును వెలిగ్రక్కును. 1883లో క్లెబ్స్ దీనిని చూడగా, మరు సంవత్సరమున లెఫ్లర్ వేఱుచేసి పెంచెను. 1888లో రూ, యెర్సిన్ విషమును నిరూపించిరి. 1890లో బేరింగ్, కితసాటో ప్రతివిషమును కనుగొనిరి. ఆ కృషికే బేరింగ్ 1901లో మొట్టమొదటి వైద్య నోబెల్ బహుమానమును పొందెను. గొంతులో టాన్సిళ్ళ పైని బూడిదవన్నె పొర కనబడును; దూదితో తుడిచిన ఊడిరాదు, లాగినచో నెత్తురు చిమ్మును. మెడ ఇరుప్రక్కల ఉబ్బి దవడకును భుజమునకును నడుమ భేదము తెలియకుండ పోవుట తీవ్రరూపము. పొర స్వరపేటికకు ప్రాకినచో ఊపిరి ఆడక గొంతుకు రంధ్రము చేయవలసి వచ్చును. రెండవ వారమున గుండె కండరము దెబ్బతిని, జ్వరము తగ్గి ఆడుకొనుచున్న పిల్లవాడు హఠాత్తుగా కూలుటయు కలదు. కొందఱికి అంగిలి పడిపోయి త్రాగిన నీరు ముక్కుగుండ వచ్చును. ప్రతివిషము రక్తమున తిరుగుచున్న విషమునే అణపగలదు గాని, కణములకు అంటుకొన్నదానిని విడిపింపలేదు. అందువలన గొంతుపరీక్ష ఫలితము వచ్చువఱకు ఆగక అనుమానము పొడసూపగనే దానిని ఈయవలెను.

ఈ వ్యాధి అంతరించినదని భావించుట పొరపాటు. నల్లకుంటలో సర్ రోనాల్డ్ రాస్ పేర వెలసి, నగరవాసులు కోరంటి దవాఖానగా ఎఱిగిన జ్వరాల ఆసుపత్రికి హైదరాబాదులోని కేసులు చేరుచునే యుండును. 2003–2006 నడుమ ఆ నగరమున వ్యాధి సడలక నిలిచినదని పరిశోధకులు వ్రాసిరి. బాధితులలో పలువురు ఐదేండ్లు దాటినవారు. శైశవమున మూడు సూదులు పొంది, ఏడాదిన్నరకును, ఐదేండ్లకును ఇయ్యవలసిన బూస్టరు మఱచినచో రక్షణ క్రమముగా క్షీణించును. గుంటూరు జ్వరాల ఆసుపత్రి ఈ ప్రాంతమునకు అట్టి ఆశ్రయము.

కోరింతదగ్గును గలిగించు బాక్టీరియాను 1906లో బెల్జియమున బోర్డే, జాంగూ అను వారు పెంచిరి. మొదటి ఒకటి రెండు వారములు సామాన్యపు జలుబువలె ఉండును. అంటుట అధికమైనది ఆ దినములలోనే. ఆ మీదట దగ్గు తెరలు తెరలుగా వచ్చును: పదిపదిహేను పర్యాయములు ఊపిరి తీయు సందు లేక దగ్గి, ముఖము కందగడ్డయై, కన్ను గ్రుడ్డులో నెత్తురు జీరలు పడి, చివరకు కూతవేయునట్లు గాలిని లోనికి లాగుకొని, వాంతి చేసికొనును. నాలుక క్రింది పోగు ముందరి పండ్లకు రాచుకొని పుండగుటయు గలదు. ఈ దగ్గు రెండు మూడు నెలలు సాగును. ఆఱు నెలలలోపు బిడ్డలో ఈ కూత లేకయే యుండవచ్చును. దగ్గుటకు శక్తి చాలక ఊపిరి నిలిచి నీలబడుటయే వానికి లక్షణము. ఎరిత్రోమైసిన్ జాతి మందులు మొదటి వారములలో ఇచ్చినచో పనిచేయును. తరువాత ఇచ్చినచో ఇతరులకు అంటకుండ కాపాడుటకే ఉపకరించును.

ఐదు మొదలు పదునైదేండ్ల పిల్లలకు వచ్చు గొంతునొప్పిలో స్ట్రెప్టోకాకస్ వలని దానిని వేఱుచేసి గుర్తింపవలెను. జ్వరము, మ్రింగలేనంత నొప్పి, మెడలో నొప్పిగల గడ్డలు ఉండి, దగ్గును జలుబును లేకుండుట దాని గుర్తు. తొమ్మిది దినములలోపల పెనిసిలిన్ ఆరంభించి పది దినములు వాడినచో కీళ్ళవాత జ్వరము రాదు. వచ్చి గుండె కవాటము చెడినచో మూడు వారములకొక ఇంజక్షన్ యౌవనము వఱకు, కొందఱికి అంతకు మించియు, తీసికొనవలెను. చెవిలో చీము శిశువును పండుకోబెట్టి సీసాపాలు పట్టుటచే పెరుగును.

క్షయ పిల్లలలో గుర్తించుట మిక్కిలి కష్టము, వారు కఫమును ఉమ్మక మ్రింగుదురు గనుక. తెల్లవారగనే ఖాళీ కడుపులోని ద్రవమును గొట్టముతో తీసి పరీక్షించెదరు. మదనపల్లె సమీపమున ఆరోగ్యవరమున 1915లో నెలకొన్న క్షయ శానిటోరియము తెలుగుదేశమునందలి ప్రాచీన క్షయ వైద్యశాలలలో ముఖ్యమైనది. 1948లో భారతదేశమున బి.సి.జి. టీకా మొదట వేయబడినది మదనపల్లెలోనే. తరువాత 1968లో చెంగల్పట్టున ఆరంభించిన మహాపరీక్ష ఈ టీకా పెద్దల ఊపిరితిత్తుల క్షయను ఆపలేదని తేల్చెను; పసిపిల్లలను మెదడుపొరల క్షయనుండి కాపాడుటకై పుట్టినప్పుడే వేయుట మాత్రము నిలిచినది. ఇంటిలో పెద్దలకు క్షయ ఉన్నచో, వ్యాధి లేదని పరీక్షించి తెలిసికొన్న పిమ్మట ఐదేండ్లలోపు బిడ్డకు ఐసోనియాజిడ్ ఆఱు నెలలు ఇత్తురు. తాడేపల్లికి ప్రక్కనున్న మంగళగిరిలో పాత క్షయ శానిటోరియపు భూమిపైననే నేటి ఎయిమ్స్ వెలసినది.

ఈ మండలమున బాలవైద్యమునకు పునాది ఇంకను పూర్వము పడినది. 1883లో గుంటూరు చేరిన అమెరికను లూథరన్ వైద్యురాలు అన్నా కుగ్లర్ 1898లో స్త్రీలకును శిశువులకును ఆసుపత్రి తెఱచెను. 1946లో గుంటూరు వైద్యకళాశాల ఏర్పడెను.

నేటి టీకాల పట్టికలో మన వారి చేయి ఎక్కువ. 1953లో హైదరాబాదున స్థాపితమైన బయోలాజికల్ ఇ సంస్థ కంఠసర్పి, కోరింతదగ్గు, ధనుర్వాతముల టీకాలను దీర్ఘకాలముగా తయారుచేయుచున్నది. 2022లో 14 రకముల న్యుమోకాకస్ టీకాకు అనుమతి పొందినది. వరప్రసాద్ రెడ్డి 1993లో నెలకొల్పిన శాంతా బయోటెక్నిక్స్ అంతకు ముందే హెపటైటిస్ బి టీకాను చౌక చేసినది. ఈ నాలుగింటికి హిమోఫిలస్ బి కూడి ఐదు రోగములను ఒక్క సూదిలో ఆపు పెంటావాలెంట్ 2011 డిసెంబరులో కేరళ, తమిళనాడులలో మొదలై దేశమంతట వ్యాపించెను. దీనిని 6, 10, 14 వారములకును, న్యుమోకాకస్ టీకాను 6, 14 వారములకును తొమ్మిదవ నెలకును వేయుదురు.

ఈ పట్టిక వలస కూలివాని బిడ్డకు సరిపడుట లేదు. ఆదోనిలో ఆఱవ వారపు సూది పొందిన శిశువు పదవ వారమునకు గుంటూరు చేల గట్టున ఉండును. పదునాలుగవ వారమునకు ఎచటనుండునో పంట నిర్ణయించును. నర్సమ్మ పట్టికలో ఆ ఊరి పిల్లల పేర్లే యుండుటచే గుడిసెలు లెక్కకు రావు. ఇప్పుడు యూ-విన్ అను టీకాల నమోదు వ్యవస్థ వలన ఒక జిల్లాలో మొదలిడిన మోతాదులను మఱొక జిల్లాలో కొనసాగించుటకు వీలు ఏర్పడినది. ఆలస్యమైనదని మానవలసిన పని లేదు: ఏడాదిలోపల పెంటావాలెంటును, న్యుమోకాకస్ టీకాను మొదలిడవచ్చును, మొదలిడిన దానిని ఏడాది దాటిన పిదపనైనను పూర్తి చేయవచ్చును, పెంటావాలెంట్ పూర్తిగా తప్పినవారికి ఏడేండ్ల లోపల కంఠసర్పి, కోరింతదగ్గు, ధనుర్వాతముల టీకా ఇయ్యవచ్చును. మిరపకోతలు సాగు నెలలలో కూలీల గుడిసెల యొద్దకే టీకాల పెట్టెతో పోయి, ఆ రోజుననే పసిబిడ్డల ఊపిరి సైతము లెక్కించి వచ్చుట, ఈ మైదానపు ప్రాథమిక ఆరోగ్యకేంద్రములు తప్పక చేయవలసిన పని.